కుడి పక్క పేజీ

ఆయన పోయిన సంగతి నాకు పదో రోజున తెలిసింది. వాళ్లావిడ ఫోన్ చేసి, "రేపు పెద్దకర్మ, మీరు రావాలి బాబూ" అంది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీ నెంబరు కోసం ఆయన బుక్కులన్నీ ఎతికినాను. రాజుల పేర్లున్నాయి, పెసిడెంట్ల పేర్లున్నాయి. మనకి కావలసినోల్ల నెంబరు మాత్రం ఒక్కటీ నేదు" అని విసుక్కుంది. ఆ విసుగు నాకు కొత్త కాదు. పదిహేనేళ్లు ఆయన పక్క బల్ల మీద పనిచేసినవాణ్ణి.

మాది హార్బరుకొచ్చే ఓడల కాగితాలు చూసే ఏజెన్సీ ఆఫీసు. పాత పోస్టాఫీసు దాటాక, వన్‌టౌన్‌లో, ఒక మేడ మీద ఉండేది. కిటికీ తెరిస్తే ఇనుప ఖనిజం ధూళి వచ్చి పడేది. మూస్తే ఉక్కతో చచ్చేవాళ్లం. నేను గోదావరి జిల్లా నుంచి టైపిస్టుగా వచ్చి చేరాను. ఆయనది శ్రీకాకుళం వైపు రైతు కుటుంబం. ఆఫీసులో టపా చూసే గుమాస్తా. వచ్చిన ఉత్తరాలు రిజిస్టరులో ఎక్కించాలి, వెళ్లేవాటికి స్టాంపులంటించి పంపాలి. అంతే ఆయన పని. గ్రీసు నుంచీ, నార్వే నుంచీ, కొరియా నుంచీ ఓడల కంపెనీల కవర్లు రోజూ ఆయన చేతి మీదుగానే లోపలికొచ్చేవి. ఉత్తరం మేనేజరుకి, కవరు ఆయనకి.

చేరిన రోజునే నన్ను "బావా" అన్నాడు. మా వైపు ముక్కూ మొహం తెలియనివాణ్ణి అలా ఎవరూ పిలవరు. నేను వారం రోజులు "ఏవండీ" అంటూ గడిపాను. ఎనిమిదో రోజున నా బల్ల దగ్గరకొచ్చి, "బావా, నువ్వు నన్ను అండీ అంతంటే నా వెనకాల ఎవులో పెద్దోలు నిలబడ్డట్టుంతాది" అన్నాడు. అంటూ నిజంగానే ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఇంక అప్పటినుంచీ నేనూ బావా అనేశాను.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆయన అసలు పని మొదలయ్యేది. కవరు మూల కత్తిరించి, స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి, ఆ ముక్కల్ని అందులో వేసేవాడు. జిగురు కరిగి స్టాంపు దానంతటది కాగితాన్ని వదిలేదాకా పళ్లెం మీదికి వంగి కూర్చునేవాడు. గోటితో లాగడం ఆయన దృష్టిలో హింస. తర్వాత పట్టకారుతో ఒక్కొక్కటే తీసి, పాత క్యాలెండరు వెనకవైపు పరిచేవాడు. అప్పుడొచ్చేది మా బాధ.

"బావా, ఫేను ఒక్క పది నిమిసాలు కట్టీమంతావా?"

మే నెల. రేకు కప్పిన మేడ. మేం నలుగురం చొక్కా గుండీలు విప్పుకుని ఫైళ్లతో విసురుకునేవాళ్లం. ఆయన చొక్కా కూడా తడిసి ముద్దయ్యేది గానీ కళ్లు మాత్రం క్యాలెండరు మీదే ఉండేవి. ఒకసారి నేను ఓపిక పట్టలేక స్విచ్చి వేశాను. ఏదో దేశపు పక్షి బొమ్మ స్టాంపు ఎగిరి కిటికీలోంచి పోయింది. ఆయన మెట్లు దిగి వెళ్లి, సైకిల్ రిక్షాలూ లారీలూ తిరిగే ఆ రోడ్డు మీద ముప్పావుగంట వెతికి, దొరక్క, పైకొచ్చి రిజిస్టరు తెరిచి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. ఆయనతో వచ్చిన చిక్కంతా అదే. తిట్టాల్సిన చోట తిట్టడు.

మేనేజరు కృష్ణా జిల్లా మనిషి. నోరొక్కటి తప్ప మంచివాడే. ఒకరోజు ఓడ కంపెనీ వాళ్లెవరో వచ్చి కూర్చుని ఉండగా, మావాడు మేనేజరు గదిలోని చెత్తబుట్టలోంచి ఒక కవరు తీస్తున్నాడు. "మావాడికి చెత్త ఏరుకోవడం సరదా అండీ" అన్నాడు మేనేజరు. వచ్చినవాళ్లు నవ్వారు. ఆయన కవరు మూల నలగకుండా పట్టుకుని బయటికొచ్చేశాడు.

మర్నాడు ఒక ఇంగ్లీషు వారపత్రిక ముక్క తెచ్చి మేనేజరు బల్ల మీద పెట్టాడు. ఇంగ్లండు రాజొకాయన స్టాంపులు సేకరించేవాడని అందులో రాసి ఉంది.

"ఈయన కూడా ఏరుకున్నాడు సార్" అన్నాడు.

మేనేజరు కళ్లజోడు సవరించుకుని చదివాడు. "పేపరువాళ్లు ఏదైనా రాస్తారయ్యా. రుజువేంటి?" అని ముక్క తిరిగిచ్చేశాడు.

ఆ స్థానంలో నేనుంటే మనసులోనైనా బూతులు తిట్టుకునేవాణ్ణి. ఆయన ఆ ప్రశ్నని నెత్తిన పెట్టుకున్నాడు. సాయంత్రం బస్టాపుకి నడుస్తుంటే, "మేనేజరుగారు అడిగింది కరెస్టే బావా. పేపర్లో పడితే అయిపోద్దా? రుజువేటి?" అన్నాడు.

అలా పుట్టింది ఆ పుస్తకం. అట్ట వేసిన పొడుగు రిజిస్టరు. స్టాంపులు సేకరించిన ప్రముఖుల జాబితా. ఎడమ పక్క పేజీలో విన్నవీ, పత్రికల్లో చదివినవీ. కుడి పక్క పేజీలో రుజువైనవి మాత్రమే. రుజువు అంటే ఆ మనిషి చేతిరాతైనా ఉండాలి, స్వయంగా రాసుకున్న పుస్తకంలోనైనా ఉండాలి, ఆల్బంతో దిగిన ఫొటో అయినా ఉండాలి. ఇంకెవరు ఏం చెప్పినా ఎడమ పక్కే. ఇంగ్లండు రాజుని కుడి పక్కకి తేవడానికి ఆయనకి ఏడాదిన్నర పట్టింది. అమెరికా అధ్యక్షుడొకాయనకి ఎనిమిది నెలలు. చదరంగం ఆడే ఒక రష్యా ఆయన రెండేళ్లు ఎడమ పక్కే కూర్చున్నాడు. ఆ పేర్లు నేనిక్కడ రాయను. రుజువులు నా దగ్గర లేవు. లేకుండా రాయాలంటే చెయ్యి ఆడదు. అది ఆయన పెట్టిన జబ్బే.

మన దేశంలో పేరున్నవాళ్లకైతే నేరుగా ఉత్తరాలు రాసేవాడు. జవాబుకి స్టాంపంటించిన కవరు కూడా లోపల పెట్టేవాడు. అయిదు దాటాక ఇంగ్లీషువి నేను టైపు చేసి పెట్టేవాణ్ణి. "అయ్యా, తమరు స్టాంపులు సేకరిస్తారా? దయచేసి తెలియజేయగలరు. సేకరించకపోయినా తెలియజేయగలరు." ఆ రెండో వాక్యం తీసేద్దామని నేను ఎన్నిసార్లు పోట్లాడానో.

"సేకరించనివాడు జవాబెందుకు రాస్తాడు బావా?"

"రాస్తే మనకి తెలుత్తాది గదా, కాడని."

ఆటగాళ్లకి రాశాడు, నటులకి రాశాడు, మంత్రులకి రాశాడు. నూటికి తొంభై మంది జవాబివ్వలేదు. ఇచ్చినవాళ్లలో సగం మంది సంతకం చేసిన ఫొటో పంపారు. ఆ ఫొటోలు చూసి ఆఫీసంతా గంతులేస్తే, ఆయన వెనక్కి తిప్పి చూసి, "స్టాంపుల మాట రాయనేదు" అని పక్కన పెట్టేసేవాడు.

ఒక పెద్ద గాయకుడుండేవాడు. ఆయన పాట తెలియని ఇల్లు లేదు మా రోజుల్లో. ఆయనకి స్టాంపుల పిచ్చి అని మూడు పత్రికలు రాశాయి. మూడు ముక్కలూ పుస్తకంలో అంటించి ఉన్నాయి, ఎడమ పక్క, ఏడో పేరు. దేశంలో వాళ్లందరిలోనూ అంత పెద్ద పేరు ఇంకోటి లేదు. నాలుగు ఉత్తరాలు రాశాం. అయిదోదానికి జవాబొచ్చింది. స్వదస్తూరీతో పోస్టుకార్డు. తను ఏనాడూ స్టాంపులు సేకరించలేదనీ, చిన్నప్పుడు తమ్ముడు సేకరించేవాడనీ, పత్రికలవాళ్లు కలిపేశారనీ రాశాడు. ఇన్నిసార్లు అడిగించుకున్నందుకు క్షమించమని కూడా రాశాడు.

నాకు ప్రాణం ఉసూరుమంది. ఆయన మాత్రం ఆ కార్డు పట్టుకుని ఆఫీసంతా తిరిగాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను మళ్లీ చూడలేదు.

"ఇందులో సంతోషం ఏముంది బావా? ఉన్న ఒక్క పెద్ద పేరూ పోయింది కదా!"

"పోతే ఏటి? నిజం సెప్పేడు. అంత పెద్దమనిసి, నాకు, సేత్తో రాసి సెప్పేడు."

ఎర్రసిరాతో ఏడో పేరు కొట్టేశాడు, రెండు గీతలు. కార్డుని అదే పేజీకి గుండుసూదితో గుచ్చాడు.

ఎనిమిదేళ్లకి కుడి పక్క ఇరవైమూడు పేర్లయ్యాయి. ఎడమ పక్క నూరు దాటాయి. ఇక చాలు, అచ్చు వేయిద్దాం అంటే వినడు. ఇంకా అవలేదు అంటాడు. ఎప్పటికవుతుందంటే చెప్పడు. మేనేజరు బదిలీ మీద వెళ్లిపోయాడు. కొత్తాయనకి ఈ గొడవే తెలియదు. ఎవరికి చూపించడానికి ఇదంతా అని నాకు ఒళ్లు మండేది.

తొంభైల చివర్లో ఊళ్లో స్టాంపుల ప్రదర్శన పెట్టారు. సేకరించేవాళ్ల సంఘం ఒకటుండేది. దాని అధ్యక్షుడు పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. సావనీరు వేస్తున్నారని తెలిసి నేనే వెళ్లి కలిశాను, మావాడి దగ్గర ఇలాంటి జాబితా ఉందని. తెమ్మన్నాడు. మావాణ్ణి ఒప్పించడానికి పదిహేను రోజులు పట్టింది. చివరికి, "కుడి పక్కయే. ఎడం పక్క ముట్టుకోకు" అని పుస్తకం నా చేతికిచ్చాడు. నేను ఆ ఇరవైమూడు పేర్లూ, వాటి రుజువులూ శుభ్రంగా టైపు చేసి పట్టుకెళ్లాను. అధ్యక్షుడు చూసి, "బావుంది. మూలం కూడా ఒకసారి చూస్తాను. రెండు రోజులుంచండి" అన్నాడు. పుస్తకం ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను.

ఇక్కడ నేను చేసిన పని ఇంత చిన్న వాక్యంలో అయిపోయింది. పెట్టి వచ్చాను.

ప్రదర్శన డాబాగార్డెన్స్‌లో ఒక కల్యాణమండపంలో జరిగింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాళ్లావిణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర బల్ల మీద సావనీర్లు దొంతరగా ఉన్నాయి. ఒకటి తీసి తెరిచాను. "స్టాంపులు సేకరించిన నూటముప్పై మంది ప్రముఖులు." కింద అధ్యక్షుడి పేరు, ఫొటో. కుడి పేజీ, ఎడమ పేజీ అన్నీ కలిపేశారు. కొట్టేసిన పేర్లు కూడా ఉన్నాయి. మా ఎడమ పేజీ ఏడో పేరు, ఆ గాయకుడిది, పక్కన బొమ్మతో సహా వేశారు. మావాడి పేరు ఎక్కడా లేదు.

నాకు చెవుల్లోంచి ఆవిరొచ్చింది. "పద బావా, స్టేజీ మీదికెళ్లి అడుగుదాం" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. వేలు పెట్టి ఒక్కొక్క పేరే చదువుతున్నాడు. చదివి, జేబులోంచి ఎర్రపెన్ను తీశాడు. ఏడో పేరు కొట్టేశాడు. ఇంకో కాపీ తీశాడు. అందులోనూ కొట్టేశాడు. బల్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, సావనీరు తీసుకుని వెళుతున్నవాళ్లని ఆపడం మొదలుపెట్టాడు.

"బాబూ, ఒక్క నిమిసం ఇలగియ్యండి. తప్పుంది, దిద్దీసి ఇత్తాను."

కొందరు ఇచ్చారు. కొందరు విసుక్కుని లాక్కుపోయారు. "కొత్త పుస్తకం మీద ఆ ఎర్రగీతలేంటి?" అని ఒకావిడ గట్టిగా అరిచింది. వాళ్లావిడ సిగ్గుతో గోడవైపు తిరిగి నిలబడింది.

నేనొక్కణ్ణే స్టేజీ దగ్గరకి వెళ్లాను. అధ్యక్షుడు నన్ను చూడగానే చేతులు చాచి, "రండి రండి, మీ సహకారం మరువలేం" అని నా భుజం మీద చెయ్యి వేసి, పక్కనున్న పెద్దమనుషులకి పరిచయం చేశాడు. ఎవరో నా చేతికి పూలగుత్తి ఇచ్చారు. ఫొటో కూడా తీశారు. నేను ఆ పూలగుత్తితో వెనక్కి వచ్చాను.

"ఏటన్నాడు?" అని అడిగాడు ఆయన, తలెత్తకుండానే.

"అక్కడ జనం ఎక్కువున్నారు బావా" అన్నాను.

కాసేపటికి గుమ్మం దగ్గర గోల తెలిసి అధ్యక్షుడే వచ్చాడు. "ఏంటండీ ఇది, పేరు వేయలేదని కోపమా? వచ్చేసారి వేద్దాం లెండి, సహకారం అని" అన్నాడు.

ఆయన లేచి నిలబడ్డాడు. "నా పేరెందుకండి? ఇది పెద్దోల్ల లిస్టు. ఆ ఏడో ఆయన కాడండి. కాడని ఆయనే రాసేడు. సేతిరాత ఉంది, పుస్తకంలోనే గుచ్చినాను. ఆ పేరు తీయించండి సార్."

"తప్పకుండా. సవరణ వేయిద్దాం" అన్నాడు అధ్యక్షుడు.

సవరణ పడలేదు. వారం తర్వాత పుస్తకం తిరిగొచ్చింది. ఎడమ పేజీల్లో బాల్‌పెన్ను టిక్కులున్నాయి. ఏడో పేరు దగ్గర గుండుసూది కన్నాలు రెండున్నాయి, కార్డు లేదు. అడిగితే కార్డేదీ చూడలేదన్నారు. మావాడు గాయకుడికి మళ్లీ ఉత్తరం రాశాడు, నేనే టైపు చేశాను. జవాబు రాలేదు. ఆ మరుసటి ఏడాది గాయకుడు పోయాడని పేపర్లో పడింది. ఆ వార్తలో కూడా, ఆయనకి స్టాంపుల సేకరణ అంటే మక్కువ అని రాశారు.

ఆ రోజు మాత్రం మావాడు అన్నం డబ్బా విప్పలేదు. పళ్లెంలో నీళ్లు కూడా పోయలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

రెండు వేలు దాటాక ఆఫీసుకి కంప్యూటర్లొచ్చాయి. ఓడల కంపెనీలు ఈమెయిళ్లు పంపడం మొదలుపెట్టాయి. వచ్చే కవర్లు కూడా కొరియరువే, స్టాంపుల్లేనివి. టపా గుమాస్తాకి పనే లేకుండా పోయింది. రిటైరై గాజువాక వెళ్లిపోయాడు. ఆటోనగర్‌లో లేత్ మిషను నడిపే అల్లుడి ఇంటి పైవాటాలో ఉండేవాళ్లు. నేను నెలకోసారి వెళ్లేవాణ్ణి. కంటిచూపు తగ్గింది. రాయడం మానేశాడు. ఎవరి గురించైనా చెబితే వినేవాడు గానీ పుస్తకం తెరిచేవాడు కాదు.

పోయిన వేసవిలో వెళ్లినప్పుడు, ఇన్నేళ్లుగా నన్ను తినేస్తున్న మాట అడిగేశాను. అడిగానంటే మెల్లగా కాదు, దాదాపు పోట్లాడాను.

"ఆ రోజు హాల్లో ఎందుకు బావా నోరు విప్పలేదు? ఇది నా పుస్తకం, ఎనిమిదేళ్ల కష్టం అని ఒక్క మాట అనలేకపోయావా? ఏం మనిషివి నువ్వు?"

ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నాది అని నాను ఎలగంతాను బావా? ఎవుడైనా నాది నాదే అంతాడు. నువ్వు అంతావనుకున్నాను. పుస్తకం పట్టుకెల్లింది నువ్వు గదా. స్టేజీ కాడికి ఎల్లినావు. సెప్తన్నావనే అనుకున్నాను నాను. పువ్వులట్టుకొని వచ్చినావు."

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.  వాళ్లావిడ టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, మా మొహాలు చూసి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే అధ్యక్షుడింటికి వెళ్లాను. బాగా ముసలివాడైపోయాడు, కానీ నన్ను గుర్తుపట్టాడు. చెప్పాల్సిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆ జాబితా మీది కాదు, మా ఆఫీసు టపా గుమాస్తాది, ఎనిమిదేళ్లు కూర్చుని చేశాడు, మీరు పేరు మార్చి వేసుకున్నారు అన్నాను.  ఆయన ఓపికగా విన్నాడు.

"అలాగా. ఆ రోజే చెప్పి ఉండాల్సిందయ్యా మీరు" అన్నాడు. "నాకేం అభ్యంతరం? ఒక పేరు వేయడానికి ఏం పోయింది? సంఘం వాళ్లు మళ్లీ ఏదో వేస్తున్నారట. అందులో మూలం ఫలానావారిదని వేయమంటాను." ఫోన్ పక్కనున్న పుస్తకంలో మావాడి పేరు రాసుకున్నాడు కూడా, స్పెల్లింగు అడిగి మరీ. నాకు కాఫీ ఇప్పించాడు.

మర్నాడే గాజువాక వెళ్లాను. ఇన్నేళ్లకి ఒక పని చేశానన్న ఊపులో మెట్లెక్కుతూనే చెప్పడం మొదలుపెట్టాను. పేరు వేస్తానన్నాడు బావా, రాసుకున్నాడు కూడా, నా కళ్లముందే. ఆయన చెవి నావైపు పెట్టి చివరిదాకా విన్నాడు.

"మరి ఏడో పేరు?" అన్నాడు.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"తీసేత్తానన్నాడా?"

"అడగలేదు బావా."

ఆయన సరిగ్గా కనిపించకపోయినా నావైపు చూశాడు.

"సరే. మల్లీ ఎల్లినప్పుడు అడుగు. మరిసిపోతావు, కాయితం మీద రాసుకో."

జేబులోంచి బస్సు టిక్కెట్టు తీసి దాని వెనకాల రాసుకున్నాను. ఏం రాశానో చదివి వినిపించమన్నాడు. "ఏడో పేరు తీయించాలి" అని చదివాను. తలూపాడు. వచ్చేవారం వెళ్తానని చెప్పి మెట్లు దిగాను.

ఆ వారం మా ఇంట్లో ఏదో పని పడింది. తర్వాత వారం వానలు. అధ్యక్షుడి ఇల్లున్న వీధి మీదుగా రెండుసార్లు బస్సులో పోయాను, దిగలేదు. మళ్లీ వెళ్లి అడిగితే, ఇదెక్కడి చాదస్తం అనుకుంటాడేమోనని సిగ్గుపడ్డాను. అదే నిజం. ఏ మొహంతోనని గాజువాక వైపూ పోలేదు, వాళ్లావిడ ఫోన్ వచ్చేసరికి నాలుగు నెలలు గడిచాయి. వెళ్లలేదు.